అమ్మమ్మ లేసు ముక్కలో నా పువ్వు

ఆదివారం రాత్రి, ఉక్కునగరం

నేనల్లుతున్న శాలువా పువ్వుల అంచు దగ్గరే ఎన్నాళ్ళుగానో ఆగిపోయాను. ఆ పువ్వులు ఎలా అల్లాలో చెప్పే కాగితమేదీ లేదు. అమ్మమ్మకు వాళ్ళత్తగారిచ్చిన లేసు ముక్క ఒక్కటే ఆధారం. దాన్ని చూసి ఎన్నిసార్లు అల్లినా నా పువ్వు ముడుచుకుపోతోంది. విసుగొచ్చి క్రోషా సూది విసిరేశాను.

చూపు తగ్గిన అమ్మమ్మ ముక్కను తడిమి, "ఒక పువ్వు ఇప్పీయే, తెలుస్తాది" అంది.

"ఉన్నది ఈ ఒక్క ముక్కే కదే, పాడైపోతే?"

"మా అత్త నా సేతా ఇలాగే ఇప్పించింది."

భయపడుతూనే విప్పాను. రేకులన్నీ ముందు వరసగా అల్లి, ఆఖరున మధ్యకు లాగి ముడి వేశారు. నేనేమో మధ్య నుంచే మొదలుపెడుతున్నాను!

అదే దారంతో మళ్ళీ అల్లి ఇచ్చాను. అమ్మమ్మ వేళ్ళు నా పువ్వు దగ్గరే ఆగాయి. "ఇది నీది. కోపంగా లాగీసినావు, బిగిసిపోనాది."

సరిచేద్దామని విప్పబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉంచీయే. పక్కన వదులుగా ఉన్నాది సూడు, అది నాది."

రేపు పగటి వెలుగులో చూడాలి, మిగతా పువ్వులు ఎవరెవరివో…