మబ్బు అడ్డురాని సూర్యుడు

ఏమండీ,

నిన్న మీ సంవత్సరీకం జరిగింది. ఒకప్పుడు మీరు వర్క్‌షాపులో సెలవు పెట్టి, సంపూర్ణ గ్రహణం చూపిస్తానని నన్ను రైలెక్కించారు. తీరా వెళ్లాక మబ్బు పట్టేసింది. సూర్యుడి చుట్టూ ఉండే తెల్లటి కాంతిని చూడలేదన్న బెంగ మీకు చివరిదాకా పోలేదు.

ఈ ఉదయం మన పద్మ ఆ కాంతిని ఫోన్‌లో చూపించింది. అంతరిక్ష నౌక తీసిన బొమ్మలట. నడుమ సూర్యుణ్ణి, గ్రహణంలో చంద్రుడిలా, కెమెరాలోని ఒక బిళ్ల కప్పేసింది. దాని అంచు నుంచి పొగలాంటిది విడివడి దూరంగా సాగిపోయింది.

“ఏటే అది?” అన్నాను.

“సూరీడి నుంచి ఎగిరిపోతన్న వేడి వాయువమ్మా. అక్కడ మబ్బులుండవు, ఎప్పుడైనా సూడొచ్చు.”

“మీ నాన్నుంటే మన పూరీ గేటు పేటంతా పిలిసీసేవోరు.”

పద్మ లేచి గోడ దగ్గరికెళ్లి, “దీదీ, ఏక్‌బార్ ఆషున్!” అంటూ పక్కింటి బెంగాలీ ఆవిడను ఒకసారి రమ్మని కేకేసింది. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు.

అదేమిటో వాళ్లందరికీ నేనే చెప్పాను.