నా బదిలీ కోసం రెండేళ్ల ప్రార్థన

మే 6, ఆదివారం
సెలవు మీద ఇంటికొచ్చి నాలుగు రోజులు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్. అటక మీది గిన్నెలు గలగలమన్నాయి. మంచం మీంచి దిగ్గున లేచి నిలబడ్డాను. అమ్మ బియ్యంలో రాళ్లేరుతూ తల కూడా ఎత్తలేదు. పుట్టి పెరిగిన గోదావరిఖనిలో నేనే ఉలిక్కిపడుతున్నాను. ఒమన్‌లో నేను పనిచేసే కొండ కింది ఊళ్లో మేకల చప్పుడు తప్ప ఏమీ వినపడదు మరి.

మే 8
ఎండ. కరెంటు లేదు. ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

మే 10, గురువారం
ఇంట్లో ప్రార్థన కూడిక. ఎవరి కోసం ఏం అడగాలో మనవులు చెప్పమన్నారు పాస్టరు అయ్యగారు. అమ్మ లేచి ఎప్పటిదే చెప్పింది — ఆ పల్లెలోంచి బిడ్డకు మస్కట్ పట్నానికి బదిలీ కావాలని. అందరూ గొంతెత్తి ప్రార్థించారు. రెండేళ్లుగా ప్రతి గురువారం ఇదేనట.
తప్పు నాదే. వెళ్లిన కొత్తలో, ఆ ఊరి క్లినిక్‌లో ఒక్కదాన్నే ఇండియన్ నర్సుని, తెలుగు మాట్లాడే దిక్కులేక ఫోన్లో ఏడ్చి ప్రార్థన చేయించమన్నది నేనే. ఏడాది తిరిగేసరికి ఆ ఏడుపు పోయింది. ఇక ఆపమని చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ ఆమేన్ అనడానికీ రాలేదు.

మే 11
అక్కడ ఊరు ఎట్లుంటదని బాపు అడిగాడు. ఖర్జూరపు తోటలు, కాలువ, పొద్దున్నే తలుపు దగ్గర రొట్టె పెట్టిపోయే ఉమ్ సాలెం. ముసలామె. షుగరు, కాలికి పుండు. మగ నర్సుకు చూపించదు, నాకే చూపిస్తుంది. అచ్చం గోదావరి దాటినంక జైపూర్ అవతల తన ఊరి లెక్కనే ఉందన్నాడు బాపు.
కాదు. తన ఊళ్లో బాపుకి అందరూ చుట్టాలే. అక్కడ నేను పరాయిదాన్ని. పెళ్లికి పిలిచారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు, ఆ తర్వాత నాతో ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. ఈ సంగతి బాపుకు చెప్పలేదు.

మే 14
ఇంటర్నెట్ సెంటర్. మెయిల్ — బదిలీ వచ్చేసింది. మస్కట్ పెద్దాసుపత్రి. సమ్మతమో కాదో నెలాఖరులోపు చెప్పాలి.
ఇంట్లో దాచాల్సింది. చెప్పేశాను. అమ్మ సంతోషంతో ఏడ్చింది.

మే 15
మస్కట్‌లో ఏముంది... హాస్టల్లో ఏడో అంతస్తు, గదికి నలుగురు, తెలుగు మాట, శుక్రవారం సెలవునాడు చర్చి, జ్వరమొస్తే గంజి కాచిచ్చేవాళ్లు. పోయినేడు ట్రైనింగుకని వారం ఉన్నాను. లిఫ్టులో ఎవరూ ముఖం చూడరు. వార్డులో పేషెంటు పేరు తెలిసేలోపు ఆ మంచం మీద ఇంకొకరుంటారు. నాకు నచ్చలేదు, అంతే.
కానీ గంజి మాట తీసిపారేయలేను. మార్చిలో ఆ ఊళ్లో మూడు రోజులు జ్వరంతో పడి ఉన్నప్పుడు, ఇక్కడే పోతే ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారని చాలా భయపడ్డాను.

మే 20, ఆదివారం
చర్చిలో అమ్మ సాక్ష్యం. కొత్త చీర. మైకు పట్టుకుని దేవుడు విన్నాడని చెప్పింది. చప్పట్లు. నన్నూ లేపారు. అందరికీ వందనాలు అని కూర్చున్నాను. సిగ్గేసింది. దేవుడికి అబద్ధం చెప్పానో, జనానికో.

మే 22
బాపు పసిగట్టాడు.
"నీకు పట్నం పోబుద్ధి అయితలేదు గదా?"
తలూపాను.
"మీ అమ్మకు నువ్వే చెప్పు బిడ్డా. నేను చెప్తే లొల్లయితది."
పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగిన మనిషి... అమ్మంటే ఇంత భయం.

మే 24, గురువారం
చెప్పాను. కూడికకు చాపలు పరుస్తుండగా. అమ్మ చేతిలో చాప సగంలో ఆగింది, అట్లాగే కూర్చుండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.
"సరే, పట్నం వద్దు. మరి ఇయ్యాల ఏమని అడగాలె? ఆ ఊర్లనే ఉండాలెనని అడగాల్నా, ఇంటికి రావాలెనని అడగాల్నా? నువ్వు చెప్పు, అదే అడుగుత."
అప్పటికే జనం గేటు తీసుకుని వస్తున్నారు. నాకు తెలియదన్నాను.
అయ్యగారు మనవులు చెప్పమన్నారు. అమ్మ లేవలేదు. నా వైపే చూస్తూ కూర్చుంది.