విత్తనపు కుప్పలోని వెండి

కొడుకా రాజేశం, బొంబాయిలో నీ నడుం నొప్పి తగ్గిందా? కోడలు పోసాని దగ్గు ఎట్లుంది? చిన్నోడు కడుపునిండా తింటున్నాడా? ఇక్కడ నేను, నీ బిడ్డ జమున బాగానే ఉన్నాం. ఊరివాళ్లెవరైనా ఏదైనా చెబితే భయపడకు.

జమున కాలేజీ చదువుకని ఏటా పసుపు అమ్మినప్పుడల్లా కొనిపెట్టిన వెండిని ఈసారి విత్తనపు పసుపు కుప్పలో దాచి, పైన మట్టితో అలికాను. మొన్న పోలీసులు ఊరంతా సోదా చేస్తూ, అడవిలో అన్నల తుపాకులున్నాయేమోనని ఆ కుప్ప తవ్వారు. వెండి బయటపడింది.

“ఎవరికి దాసినవే ముసల్దానా, అన్నలకా?” అన్నాడొకడు.

“నా మనుమరాలి సదువుకు సారూ. ఇంట్ల పెడితే మీరు దేవులాడుతరు, వాళ్లు అడుగుతరు. ఇగ యాడ పెట్టాలె?” అన్నాను.

వెండిని నా కొంగులో పోసి పోయాడు. కానీ వాడకట్టంతా చూసింది. ఇక ఇంట్లో ఉంచడానికి గుండె చాల్లేదు. కోరుట్ల పోయి అమ్మి, పైసలు జమున పేరున పోస్టాఫీసులో వేశాను. ఎంత వచ్చిందో ఈ కార్డు మీద రాయను, అందరూ చదువుతారు.

తవ్విన విత్తనానికి గాలి తగిలింది, మొలుస్తుందో లేదో. దుక్కికి పక్కింటి ఆగయ్య ఎడ్లను అడగనా? వచ్చేటప్పుడు నా కండ్లమందు తేవడం మరువకు.

జమున “నిన్నొక్కదాన్ని ఇడిసి జగిత్యాల పోను బాపమ్మా” అంటోంది. నాకేం భయం లేదంటే నమ్మదు. నువ్వు చెబితే వింటుంది. కాలేజీలో తండ్రి సంతకం కూడా కావాలట. చీకట్లో పోలీసులు దారిన ఆపుతున్నారు, పగటి బస్సుకే రా. అటునుంచటే జమునను జగిత్యాల తీసుకుపో. అందరూ చల్లగుండాలె. జమున బట్టలు మూటగట్టుకుని, నువ్వు బస్సు దిగే చోటే ఇద్దరం నిలబడతాం, నువ్వు రాసినట్టే జూన్ పన్నెండు, సోమవారం.

మీ అవ్వ గంగవ్వ