తాళం లోపలి పాఠాలు

డైరెక్టర్ సార్‌కు నమస్కారం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని మీ బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చదువుతున్నాను. తెలంగాణ బంద్ రోజుల్లో పాఠాలు ఆగకూడదని మీరు వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరూ కాపీ చేయకుండా తాళం వేశామని, మొదట ఏ కంప్యూటర్‌లో తెరిస్తే అందులోనే వస్తాయని చెప్పారు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకని గడ్డిఅన్నారంలోని జైపాలన్న నెట్ సెంటర్‌లో తెరిచాను.

బంద్ రోజు నెట్ సెంటర్ కూడా మూసేస్తారు. బంద్ లేని రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా మీ క్లాసులోనే ఉంటాను. మరి ఆ వీడియోలు నేనెప్పుడు చూడాలో ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు.

జైపాలన్నను అడిగితే, "పరేషాన్ గాకు చెల్లె, నీ పాఠాలు ఆగలే. గా కంప్యూటర్ ముంగట ఎవలు కూసున్నా తెరుసుకుంటున్నయ్. ఎవలు చూసినా తెర మీద నీ పేరే తిరుగుతుంటది," అన్నాడు.

నిన్న మీ ఆఫీసు నుంచి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పాఠాలన్నీ శ్రద్ధగా పూర్తి చేసినందుకు అభినందనలట. పూర్తయ్యాయి కాబట్టి ఇక అవి మళ్లీ తెరుచుకోవట.

సార్, వచ్చే నెలే పరీక్ష. నా పేరుతో అంత శ్రద్ధగా చదివింది ఎవరో జర కనుక్కోండి. బంద్ రోజు వాళ్లింటికి పోయి ఆ పాఠాలు చెప్పించుకుంటాను.

ఇట్లు,
ఆ పేరు గల అసలు విద్యార్థిని