రాత్రికి ఆవుల్ని చూసే మనిషి

మార్చి 3

కొత్త గది ఇవాళ తెరిచాం. ఇన్నాళ్లూ మా మానసిక వైద్య క్లినిక్ అంటే పగటి అపాయింట్‌మెంట్లే. ఐదింటికి తాళం. ఆ తర్వాత ఎవరి మనసు చెదిరినా షెరీఫ్ ఆఫీసు డిప్యూటీ కర్టిస్ సంకెళ్లు వేసి, మూడు గంటల దూరంలోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు. ఇక అలా కాదు. నాలుగు వాలు కుర్చీలు, రాత్రీ పగలూ నర్సు, వీడియోలో డాక్టరు. మనిషి కుదుటపడేదాకా ఒక రోజు ఉండొచ్చు. మాకు ఇదంతా నేర్పడానికి లింకన్ నగరం నుంచి మార్గో వచ్చింది. గోడల రంగుతో సహా అన్నీ ఆలోచించింది.

మార్చి 7

ఎవరూ రాలేదు. మార్గో దుప్పట్లు మళ్లీ మడిచింది.

మార్చి 10

కర్టిస్ ఇవాళ పశువులు పెంచే లైల్ హ్యూట్‌ని తీసుకొచ్చాడు. సంకెళ్లు లేవు. భార్య పోయినప్పటి నుంచి లైల్ ఒక్కడే ఆ పశువులతో. పొద్దున కొట్టంలో తుపాకి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్క పశువుల రాంచ్ వాళ్లు చూశారట. కర్టిస్ అడగ్గానే తుపాకి ఇచ్చేశాడట. కుర్చీలు చూసి, ఏంటమ్మాయ్, మంగలి షాపు పెట్టారా అన్నాడు. డాక్టరుతో చాలాసేపు మాట్లాడాడు. ఈ రాత్రి ఒంటరిగా ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరేనన్నాడు.

అదే రోజు, సాయంత్రం నాలుగు

లైల్ లేచి టోపీ పెట్టుకున్నాడు. వెళ్లిపోతాడట. మార్గో మెల్లగా నచ్చజెప్పబోయింది. నా బాధ ఎక్కడికీ పోదు తల్లీ, తొలిచూలు ఆవులు ఈనడానికున్నాయి, రాత్రికి మంచు పడుద్ది, దూడలు బిగుసుకుపోయి చస్తే నువ్వొచ్చి బతికిస్తావా అన్నాడు.

అది సాకు కాదు. మార్గో తప్ప మేమందరం ఇక్కడ పుట్టినవాళ్లమే. సరిగ్గా ఆవులు ఈనే నెలలో ఈ గది తెరిచాం. ఒక్కరికీ తట్టలేదు. బలవంతంగా ఆపితే ఇక ఈ చుట్టుపక్కల ఎవరూ మా గుమ్మం తొక్కరు. పంపిస్తే ఆ ఇంట్లో ఈ రాత్రి ఏమవుతుందో.

గుమ్మం దగ్గర నిలబడ్డ కర్టిస్, నేను చూసుకుంటాలే అన్నాడు. ఒరేయ్, నీకు ఆవు ముందేదో వెనకేదో తెలుసా అన్నాడు లైల్. మనుషుల చేతులకి సంకెళ్లు వేసేవాణ్ణి, దూడ కాళ్లకి గొలుసు కట్టి బయటికి లాగలేనా అన్నాడు కర్టిస్. ఎర్ర మచ్చదానితో జాగ్రత్త, తన్నుద్ది అన్నాడు లైల్. టోపీ తీశాడు.

మార్చి 11

రెండు దూడలు. కర్టిస్ కుంటుకుంటూ వచ్చాడు. లైల్ అడిగిందొక్కటే, తల్లి దూడని నాకిందా లేదా అని. నాకిందట. చాలా వారాల తర్వాత నిద్రపట్టిందన్నాడు. ఇంట్లో ఉన్న మిగతా తుపాకులు కూడా షెరీఫ్ ఆఫీసులో ఉంచడానికి ఒప్పుకున్నాడు. అతని వదిన వచ్చి కొన్నాళ్లు తోడుంటుంది. ప్రతి గురువారం మా దగ్గరికి రావాలి.

మార్గో లింకన్‌లోని ఆఫీసుకి ఫోన్ చేసి, రాత్రికి ఆవుల్ని చూసే మనిషి కూడా కావాలంది. అవతలివాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. కావాలని మళ్లీ అంది.

మార్చి 20

లైల్ వచ్చాడు. బాగున్నానని అనలేదు. వచ్చే గురువారం కూడా వస్తానన్నాడు.

ఏప్రిల్ 2

కుర్చీలో డెల్లా బ్రాక్ నిద్రపోతోంది. ఈ రాత్రికి ఆమె గొర్రెల దగ్గర లైల్ ఉన్నాడు. గొర్రెలంత బుద్ధిలేని జీవాలు ఈ భూమ్మీద లేవని ఫోన్ చేసి తిడుతున్నాడు.