ఏడాది నిండని ఇంటి మీద సున్నం

ఏప్రిల్ 19

మళ్ళీ నన్నే పిలిచారు. కొత్తవాళ్ళకు శిక్షణ. ఆదోనిలోనే, మా వార్డు కమ్యూనిటీ హాల్లో. కార్యక్రమం పేరు 'సమాజ వాతావరణ సేవ'. పేరు పెద్దది, ఇచ్చే టీ గ్లాసు చిన్నది. పని మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు — ఎండలు ముదిరేలోపు రేకుల ఇళ్ళ కప్పులకు సున్నం కొట్టి, లోపల ఉండేవాళ్ళు ఉడికిపోకుండా చూడటం.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు ఉష్ణమూ, కాంతి పరావర్తనమూ చెప్పాను. ఒక్కడికీ అక్కరకు రాలేదు. రిటైరయ్యాక నాకే వచ్చింది.

ఏప్రిల్ 21

మొదటి రోజు. ప్రాజెక్టు అబ్బాయి మధు కర్నూలు నుంచి ప్రొజెక్టర్ మోసుకొచ్చాడు. పెట్టగానే కరెంటు పోయింది. భూమి వేడెక్కడం గురించి చెప్పాల్సినవాడు చొక్కా గుండీ విప్పాలా వద్దా అన్న ఆలోచనలో పడ్డాడు. అందరినీ బయట మెట్ల నీడకు తోలుకొచ్చి నేనే చెప్పాను — నల్లటిది ఎండను మింగుతుంది, తెల్లటిది తిప్పి కొడుతుంది. మన ఊరి కొండలు పగలంతా మింగి, రాత్రంతా మన మీద కక్కుతాయి. ఇంతే. బొమ్మలు లేకుండానే అర్థమైంది.

కొత్తవాళ్ళలో ఇద్దరు గుర్తుండేలా ఉన్నారు. షమీమ్ — పత్తి మిల్లు వెనక సందులో ఉంటుంది, బట్టలు కుడుతుంది. మిషనూ నోరూ రెండూ ఆగవు. గిడ్డయ్య — ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నాడు. చెప్పిందల్లా తలాడించి నమ్ముతాడు. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

"అవ్వా, తెల్లగ పూస్తే సల్లగ అయితాదంటే జనం నమ్ముతారంటావా?" అన్నాడు గిడ్డయ్య.

"నువ్వు నమ్మినావు కదప్పా."

ఏప్రిల్ 22

సున్నం పాఠం. డ్రమ్ము నీళ్ళలో సున్నపురాళ్ళు వేస్తే బుడబుడా ఉడికింది. అందరూ వెనక్కి గెంతారు, షమీమ్ తప్ప. "మా అత్తకు కోపమొస్తే ఇట్లే ఉంటాది," అంది.

చెప్పినవి — కళ్ళద్దాలు లేనిదే కుంచె ముట్టుకోవద్దు. రేకు నడిమధ్య కాలు పెట్టొద్దు, మేకులు కొట్టిన వరస మీదే నడవాలి. పొద్దున్నే ఎక్కాలి, రేకు కాలకముందే. బంక ఆ పూటకు సరిపడా సున్నంలోనే కలపాలి. కలిపింది మర్నాటికి పనికిరాదు. కలపనిది మాత్రం ఎన్నాళ్ళైనా ఉంటుంది — పైన నీళ్ళు ఆరిపోకుండా చూసుకుంటే.

చివర నా సొంత నియమం: ఇంటివాళ్ళను అడగకుండా నిచ్చెన వేయొద్దు. గిడ్డయ్య తలాడించాడు.

ఏప్రిల్ 24

షమీమ్ వాళ్ళ సందు. ఒక పక్క మిల్లు గోడ, ఇంకో పక్క కొండరాయి. గాలి రావాలంటే అడ్రసు అడగాలి. ఇల్లిల్లూ తిరిగాం.

"ఊరికే కొడతారా? మళ్ళ ఓటు అడగరు కదా?"

"అడగం."

"అయితే కొట్టండి. మా వంటింటి గోడకు కూడా కొట్టండి."

అందరూ సరేనన్నారు. ఒక్క ఇల్లు తప్ప.

ఉరుకుందమ్మ. మార్కెట్ యార్డులో పత్తి ఊడ్చే కూలి. పోయిన వినాయక చవితి వెళ్ళగానే కొడుకు చనిపోయాడు — లారీ మీద పత్తి బస్తాలు సర్దుతూ పడి. కోడలు సుజాత అప్పటికి గర్భిణి. కాన్పు పుట్టింట్లో, ఎమ్మిగనూరులో అయింది. మూడో నెల పడగానే మగబిడ్డను తీసుకుని అత్త దగ్గరికి వచ్చింది.

"ఏడాది నిండని ఇల్లు టీచరమ్మా. సున్నం తగలనీను. ఇదేమన్నా పెండ్లిల్లా?"

"గోడలకు కాదు ఉరుకుందమ్మా. పైన రేకులకు."

"పైనయితే నా కొడుక్కి కనపడదా?"

పరావర్తనం పాఠంలో ఈ ప్రశ్న రాదు.

ఏప్రిల్ 25

షమీమ్ వచ్చి అసలు సంగతి చెప్పింది. మొన్న సుజాత తల్లి వచ్చి చూసి పోయిందట. వాళ్ళది నేతపని చేసే ఇల్లు. మట్టిమిద్దె. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నడి వేసవిలోనూ చల్లగా ఉంటుంది. ఇక్కడ చూస్తే బిడ్డ మెడ నిండా చెమటకాయలు. మధ్యాహ్నమైతే ఏడుపు ఆపడు.

"ఈ పొయ్యిలో బిడ్డను పెట్టుకోని ఏం చేస్తావే, మనింటికి రా" అందట తల్లి. మళ్ళీ వస్తాను, అప్పుడు తోలుకుపోతాను అని చెప్పి వెళ్ళిందట.

పోతే తిరిగి రారు. ఉరుకుందమ్మకు తెలుసు, సందుకంతా తెలుసు. సుజాతది చిన్న వయసు. పుట్టింటివాళ్ళు ఇంకో సంబంధం చూస్తారు. చూడటం తప్పూ కాదు. కొడుకు వదిలి వెళ్ళింది ఆ బిడ్డ ఒక్కడే. వాడూ ఎమ్మిగనూరు బస్సెక్కుతాడు.

అంటే బిడ్డ నిలవాలంటే ఇల్లు చల్లబడాలి. ఇల్లు చల్లబడాలంటే సున్నం కావాలి. సున్నం కొడితే కొడుకు దుఃఖం అప్పుడే తీరిపోయిందని నలుగురికీ చాటినట్టు.

మధుకు ఫోన్లో చెప్పాను. "కల్చరల్ బ్యారియర్, మేడమ్," అన్నాడు. పేరు పెట్టాక అతనికి మనసు కుదుటపడింది.

ఏప్రిల్ 26

వేరే దారులు ఆలోచించాం. రేకుల మీద జొన్నచొప్ప పరిస్తే? పక్కనే మిల్లు, ఒక్క నిప్పురవ్వ చాలు. తడిపిన గోనెలు? ఆ సందుకు తాగే నీళ్ళకే దిక్కులేదు.

మా ఆయన పోయిన ఏడు మా ఇంటికీ సున్నం కొట్టించలేదు. నమ్మి కాదు. నమ్మకుండానూ కాదు. ఆవకాయ కూడా పెట్టలేదు — అది మాత్రం బాధగానే ఉండింది.

ఏప్రిల్ 28

నేను కళ్ళ డాక్టరు దగ్గర ఉన్నాను. ఆ పూటే జరగాలి.

గిడ్డయ్య పక్కింటి పని ముగించి నిచ్చెన దిగుతుంటే సుజాత పిలిచిందట.

"మా ఇంటికీ కొట్టన్నా."

"మీ అత్త వద్దన్నాది కదమ్మా."

"అత్త పనికి పోయినాది. ఈడ కాలేది నేనూ, నా బిడ్డా. ఇంటివాళ్ళను అడగాలన్నారంట కదా. నేను ఇంటిదాన్ని కాదా?"

గిడ్డయ్య ఆలోచించాడట. నియమం ప్రకారం సరిగ్గానే ఉంది. ఎక్కాడు. షమీమ్ వద్దని అరిచానంటుంది, అరిచే ఉంటుంది. నిచ్చెన పట్టుకున్నది మాత్రం ఆమే.

ఉయ్యాల కట్టిన వైపు సగం కప్పు అయింది. యార్డుకు సరుకు తక్కువొచ్చి ఉరుకుందమ్మ ముందే తిరిగొచ్చింది. సందు మలుపు నుంచే కనిపిస్తుంది ఆ కప్పు.

తిట్టలేదట. "దిగప్పా, కాలు జారుతాది," అందట. అంతే. చేతిలో చీపురు ఇంటి గోడకు ఆనించి, షమీమ్ అరుగు మీదికి పోయి కూర్చుంది.

"తిట్టింటే బాగుండు అవ్వా," అంటాడు గిడ్డయ్య. అన్నం తినలేదు వాడు.

ఏప్రిల్ 29

రాత్రి కూడా అరుగు మీదే పడుకుందట. ఇంట్లోకి పోలేదు. పొద్దున మరో రెండిళ్ళవాళ్ళు "మాకొద్దులే" అన్నారు. కుళాయి దగ్గర ఒకావిడ, "ఉరుకుందమ్మ ఇంట్ల ఏం శుభకార్యమో" అంది, వినబడాలనే.

వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీళ్ళు తాగినావా?"

"తాగినా."

"లోపలికి పోవా?"

"నా ఇంటికి సున్నం లేదు టీచరమ్మా. అది ఎవురిదో."

గిడ్డయ్య వెనకాలే వచ్చాడు, ఇనప గరిటె చేతిలో పట్టుకుని. "గీకేస్తా పెద్దమ్మా. సాయంత్రానికి పోతాది. నాది తప్పే."

ఉరుకుందమ్మ కప్పు వైపు చూసింది. తర్వాత తలుపు వైపు. లోపల నిశ్శబ్దం. మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లోంచి ఏడుపు వినబడకపోవడం సందుకే కొత్త. సుజాత గుమ్మంలోకి వచ్చి, పడుకున్నాడు అన్నట్టు చెంప కింద చెయ్యి పెట్టి చూపించింది.

ఇప్పుడు పైన గరిటెతో గీకితే ఆ శబ్దం సరిగ్గా ఉయ్యాల మీదే.

"పడుకున్నోణ్ణి లేపుతావా?" అంది ఉరుకుందమ్మ. "రేపు సూద్దాం, పో."

మే 1

గీకుడు మొన్న రేపయింది, నిన్న రేపయింది.

మధు వచ్చాడు. సగం తెలుపు, సగం తుప్పు కప్పు చూసి మొహం వెలిగింది. "మేడమ్, ఒకే ఇంటి మీద తేడా కనిపిస్తోంది. ఫోటో తీస్తే..."

"సార్, ఆ యమ్మ ఆడ కూసోని ఉండేది కనపల్లేదా?" అంది షమీమ్.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. కాసేపు నిలబడి, వెళ్ళి ఉరుకుందమ్మ ఉన్న అరుగు చివర కూర్చున్నాడు. ఆమె చెంబు ఇచ్చింది. తాగాడు. ఒక్క ఇంగ్లీషు మాట ఆడలేదు. అతను నాకు నచ్చడం ఇదే మొదలు.

మే 2

హాల్లో అందరినీ మళ్ళీ కూర్చోబెట్టాను. నియమం మార్చాలి కదా. ఇంటివాళ్ళను అడగండి అన్నాను, ఇంట్లో ఎవరిని అన్నది చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను — ఎవరికి కష్టమవుతుందో వాళ్ళను అడగండి.

గిడ్డయ్య చెయ్యెత్తాడు. ఈమధ్య తలాడించడం తగ్గించాడు.

"ఇద్దరికీ కష్టమైతే, అవ్వా?"

టీ తాగి రమ్మన్నాను.

మే 4

సుజాతతో మాట్లాడాను. బిడ్డ మెడ మీద చెమటకాయలు తగ్గుతున్నాయి. సుజాత మాట మెత్తన, మనిషి కాదు.

"అత్తను ఏడిపించాలని కాదు మేడమ్. ఆయప్ప ఉండింటే ఆయప్పే ఎక్కి కొట్టేవాడు. బిడ్డ ఏడిస్తే ఊరుకునే మనిషి కాదు."

"ఈ మాట మీ అత్తతో అన్నావా?"

"ఎట్ల అనేది. పేరెత్తితే ఇద్దరం పనులు మానుకోవాల."

తల్లి ఎల్లుండి వస్తుందట. పోతావా అని అడిగాను.

"అత్త లోపలికొస్తే ఉంటా. ఆమె ఎండలో అరుగు మీద, నేను సల్లగ లోపల — ఎట్ల ఉండేది? సందులో తల ఎత్తుకునేదెట్ల?"

అదీ లెక్క. సున్నం కొట్టినందుకు బిడ్డ నిలుస్తాడు, సున్నం కొట్టినందుకే పోతాడు. నా సర్వీసులో ఇంత కచ్చితమైన ప్రశ్నపత్రం నేను తయారు చేయలేదు.

మే 5, పొద్దున

ఉరుకుందమ్మ ఇంట్లోకి వెళ్ళింది. వంటకు మాత్రమే. పొయ్యి ఉన్నది సున్నం లేని వైపు. అక్కడ కూర్చుని చెమటలు కక్కుతూ రొట్టెలు కాల్చి, తన రెండు రొట్టెలు బయటికి తెచ్చుకుని తింది. ఉయ్యాల వైపు అడుగు పెట్టదు. సుజాతే బిడ్డను ఇంటి నడిమికి తెచ్చి అందిస్తుంది. ఆమె అక్కడే నిలబడి అందుకుంటుంది. రెండు దేశాల మధ్య ఖైదీలను అప్పజెప్పుకున్నట్టు. నవ్వొచ్చింది. ఆమె నా వైపు చూసింది. మానుకున్నాను.

మే 5, సాయంత్రం

ఇంకో సంగతి. గిడ్డయ్య కప్పెక్కిన రోజు మిగతా సగానికని తెచ్చిన సున్నం బకెట్ అక్కడే గోడ పక్కన ఉండిపోయింది. బంక కలపనిది. గిడ్డయ్య తెచ్చుకోవడానికి పోతే — "ఉండనీ. నీ దోవకేమన్నా అడ్డమా?" అందట ఉరుకుందమ్మ.

చూశాను. ఇన్ని రోజుల ఈ ఎండకు పైన నీళ్ళు ఆరిపోయి సున్నం బీటలు వారి ఉండాలి. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి.

"నేను పోయలేదు," అంది షమీమ్. "మా ఇంట్ల తాగేదానికే లేవు."

"నేను కాదు మేడమ్," అంది సుజాత.

మే 6

సుజాత తల్లి ఇవాళే వస్తుంది, ఏ బస్సుకో తెలీదు. పొద్దున్నే వెళ్ళాను. నాకేం పని అంటే ఏం లేదు.

గడప లోపల సుజాత బట్టల సంచి. నింపి ఉంది, మూతి కట్టలేదు. బిడ్డ తెల్లకప్పు కింద నిద్ర. గిడ్డయ్య సందు మొదట్లో నిచ్చెన భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఎందుకు తెచ్చావంటే, "ఊరికే," అంటాడు. షమీమ్ మిషను ఆగి ఉంది. ఆ చప్పుడు లేకపోయేసరికి సందు గుర్తుపట్టలేకపోయాను.

ఉరుకుందమ్మ పనికి పోలేదు. అరుగు దిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి, మెల్లగా బకెట్లో పోసింది. సున్నం కదలకుండా, అంచు వెంబడి. తర్వాత లోపలి నుంచి సత్తు పళ్ళెం తెచ్చి మూత పెట్టింది.

"ఏం చేస్తాండావు ఉరుకుందమ్మా?"

"ఆరిపోతాది కదా," అంది. నా వైపు చూడలేదు.

"ఏడాది నిండేదాకా, చవితి దాకా ఉంచుతావా?"

పళ్ళెం మీద ఒక రాయి పెట్టింది. మళ్ళీ తీసింది. చేతిలోనే పట్టుకుని నిలబడింది.

మెయిన్ రోడ్డు మీద ఎమ్మిగనూరు బస్సు హారన్. ఇదేనో, ఇంకోటో...