కసాపురం మొక్కు జుట్టు

మల్లీశ్వరికి నీ తోటికోడలు లక్ష్మీదేవి ఆశీస్సులు. ఫోన్ చేస్తే అత్త నీ పక్కనే కూర్చొని వింటుంది కనుక, ఈ కార్డు నీ అంగన్‌వాడీకి రాస్తున్నాను.

బెంగళూరు ఎంఎంఏ కొట్లాట పోటీలో మా తిప్పేష్ ఓడిపోయాడు. భుజం జారితే అనంతపురంలో కట్టు కట్టించాను. భయం లేదు. పోటీకి ముందురోజు తూకం వేస్తే కొంచెం ఎక్కువ వచ్చాడు. బరువు దాటితే ఆడనివ్వరు. నీళ్లు కూడా మానేసి ఉన్నాడు, ఇక తీయడానికి జుట్టే మిగిలింది. గెలిచాక కసాపురం ఆంజనేయస్వామికి ఇవ్వాలని అత్త మొక్కి పెంచిన జుట్టు అది.

"జేజి మొక్కుకున్నెది కదమ్మా. పోటీ పోతే పోనీ" అన్నాడు.

"స్వామికి నేను చెప్పుకుంటాలే. నువ్వు కూచో నాయనా" అన్నాను.

గుండు చేయించాక తూకం సరిపోయింది. ఈ సంగతి తెలిస్తే అందుకే ఓడినాడని అత్త అంటుంది, ఇంకో పోటీకి పోనివ్వదు. భుజం మానితే ఆడొచ్చని డాక్టరు చెప్పాడు. వాడికి అదే ఆశ.

శనగకు మందు కొట్టారా? మేకపిల్ల కుంటు తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

జుట్టు తెల్లగుడ్డలో కట్టి ఉంచాను. శనివారం స్వామికి అప్పగించి, ఇంటికొచ్చి అత్తకు నేనే చెప్తాను. అంతవరకు ఈ కార్డు నీ దగ్గరే ఉంచు, ఎవరికీ చూపొద్దు.